ఇంతకీ ఆ కూర బాగుచేసేదెవరు?

మా ఆఫీసులో నాకు ‘ఆర్గానిక్ మేడం’ అని పేరు పెట్టారు. లంచ్ బాక్సు మూత తీస్తే ఎప్పుడూ ఏదో ఒక ఆకు కనిపిస్తుందని. నిజానికి ఆర్గానిక్ అని బోర్డు పెట్టిన షాపులోకి నేను వెళ్లేదే తక్కువ. వెళ్లినా ధరలు చూసి మర్యాదగా బయటికొచ్చేస్తా. మేం కొనేది హైదరాబాద్ మెహదీపట్నం రైతుబజార్లో, ఆదివారం పొద్దున్నే. అక్కడ ఆ వారం ఏది కుప్పలుగా పోసి ఉంటే అదే మా ఇంట్లో ఆ వారం కూర. ఇందులో సిద్ధాంతం ఏమీ లేదు.

ఈమధ్య ‘దగ్గర్లో పండింది తినండి, ఏ కాలంలో దొరికేది ఆ కాలంలో తినండి, భూమిని కాపాడండి’ అని చెప్పేవాళ్లు ఎక్కువయ్యారు. మంచిదే. ఆ వీడియోలు నేనూ చూస్తుంటాను. వెదురుబుట్టలో తడితడిగా ఆకుకూర కట్ట, పక్కన మట్టికుండ, వెనక సన్నగా వీణ. కట్ట బుట్టలోంచి నేరుగా కుండలోకి వెళ్లిపోతుంది. మధ్యలో ఎవరో ఒక మనిషి కింద కూర్చుని, వేర్లు కోసేసి, పురుగు కొట్టిన ఆకు ఏరేసి, ముదురు కాడలు తీసేసి, మట్టి పోయేదాకా నీళ్లు మార్చి మార్చి కడిగిన ముప్పావుగంట మాత్రం ఎడిటింగ్‌లో ఎగిరిపోతుంది. నా పేచీ అంతా ఆ ముప్పావుగంట గురించే.

ముందు బజారు సంగతి. ఈ రైతుబజార్లు 1999 జనవరి 26న మొదలయ్యాయి. దళారీ లేకుండా రైతే వచ్చి అమ్ముకోవాలన్నది ఉద్దేశం. చేవెళ్ల, శంకర్‌పల్లి, మొయినాబాద్ వైపు నుంచి ఇప్పటికీ చాలామంది తెల్లవారకముందే మూటలతో బస్సులూ ఆటోలూ ఎక్కి వస్తారు. అలాగని ఏ రైతుబజార్లోనైనా కూర్చున్నవాళ్లంతా రైతులే అనుకోవడం అమాయకత్వం. నాకొక కొండగుర్తు ఉంది. ముందర ఒకటో రెండో రకాలు, అవీ కాసినే, సైజులు ఎగుడుదిగుడుగా పెట్టుకుని కూర్చుంటే ఆ సరుకు చేను నుంచి వచ్చినట్టు. క్యాప్సికం నుంచి క్యాలీఫ్లవర్ దాకా పన్నెండు నెలలూ అన్నీ ఉన్నాయంటే మండీ నుంచి వచ్చినట్టు. మండీ సరుకు పాపం అని కాదు, నేనూ కొంటాను. ఉల్లిగడ్డ మహారాష్ట్రది, ఆలుగడ్డ ఆగ్రా వైపుది. వాటిని మానేస్తానని నేనెవరికీ మాటివ్వలేదు, ఇవ్వను కూడా.

నేను ఎక్కువగా కొనే అవ్వ దగ్గర ఆకుకూరలు తప్ప ఇంకేం ఉండవు. తోటకూర, చుక్కకూర, పుంటికూర (అదే, గోంగూర), ఒక్కోసారి పొన్నగంటి. ధర అడిగితే చెప్పదు, ముందు కట్ట చేతిలో పెట్టేస్తుంది. “పొద్దుగాల్నే తెంపిన బిడ్డా, ఇయ్యాల్నే వండుకో, రేపటిదాంక ఉండది.” సూపర్‌మార్కెట్లో ప్యాకెట్ మీద తేదీ కోసం కళ్లద్దాలు పెట్టుకుని వెతుక్కోవాలి. ఇక్కడ ఆ పని లేదు.

ఆకుకూరలన్నిటిలో రాణి చింతచిగురు. ఎండాకాలం వచ్చిందంటే బజారు గేటు దగ్గరే గంపల్లో దొరుకుతుంది. దాని ధర విని కొత్తవాళ్లు అదిరిపోతారు, కిలో లెక్కన చూస్తే మటన్‌తో పోటీపడుతుంది. “చెట్టు మీద ఊరికే కాసేదానికి ఇంత రేటేంటి?” అని అడిగేవాళ్లను ఏటా చూస్తాను. ఊరికే కాసేదే, నిజం. ఎవరూ విత్తనం కొనలేదు, ఎరువు వేయలేదు, నీళ్లు పెట్టలేదు. కానీ ఒక మనిషి మండే ఎండలో చెట్టెక్కాలి. కొమ్మ వంచి, లేత చిగురు మాత్రం గోళ్లతో దూసుకోవాలి. గంట సేపు దూసినా సంచి అడుగు నిండదు. చింతచిగురు ధరలో చింతచెట్టు వాటా సున్నా, అంతా చేతులదే. నాకైతే మన తిండి మొత్తంలో ఇంత నిజాయితీ గల ధర ఇంకోటి కనిపించదు.

ఇంటికి తెచ్చాక రెండో విడత. పేపరు పరిచి పోస్తాం. లేతాకు ఎరుపూ ఆకుపచ్చా కలిసిన రంగులో ఉంటుంది, పట్టుకుంటే పట్టుకున్నట్టే ఉండదు. మధ్యలో ఈనెలు, మొగ్గలు, ఒక్కోసారి చిన్న పురుగు. పుల్లలూ ముదురాకూ ఏరేశాక, కడిగి, నీడన ఆరబెట్టి, రెండు అరచేతుల మధ్య వేసి నలుపుతాం. అలా నలిపితే ఆకు పొడిపొడిగా రాలి, సన్న ఈనెలు చేతిలో మిగిలిపోతాయి. అరచేతులు పుల్లటి వాసన వేస్తాయి, స్నానం చేసినా పోదు. ఆ పొడిని ఉడికిన కందిపప్పులో వేసి, వెల్లుల్లి దండిగా పడేలా పోపు పెడితే ఇక ఆ పూటకు వేరే కూర అడిగేవాడు ఉండడు. మటన్‌లో వేస్తే సరేసరి. ఎండు రొయ్యల్లో వేయడం మా అత్తగారింట్లో నేర్చుకున్నా.

మాది తాండూరు దగ్గర పల్లె. మా అమ్మ కలుపు తీయడానికి వెళ్లిన రోజు సాయంత్రం కొంగులో మూట కట్టుకుని ఏదో ఒక ఆకు తెచ్చేది. గంగవాయిలి, దొగ్గలి, చెంచలి, వానలు పడ్డాక చెన్నంగి. అవి ఎవరూ వేసిన పంటలు కావు. జొన్నచేలో, కందిచేలో వాటంతటవే మొలిచేవి. కలుపు తీసేవాళ్లు పనికిరాని గడ్డిని గట్టు మీద పారేసి, తినేదాన్ని ఒళ్లో వేసుకునేవాళ్లు. కూలి డబ్బులు వేరే, కూర వేరే. మా ఇంట్లో కూరగాయలు కొనడం అనేది అంగడి రోజున తప్ప ఉండేది కాదు.

ఇప్పుడు మా ఊరికి వెళ్తే ఆ కూరలు అరుదు. చేలల్లో పత్తి పెరిగింది, కలుపు తీసే కూలీలు దొరకడం కష్టమైంది, గడ్డిమందు వచ్చింది. గడ్డిమందుకు గంగవాయిలీ గరికా రెండూ ఒకటే. ఆ మందు కొట్టే రైతును తిట్టడానికి నాకు నోరు రాదు. వంగి వంగి నడుములు పోయిన ఆడవాళ్ల ఇంట్లో పుట్టినదాన్ని. ఆ పని తప్పిందని సంతోషం, కూర పోయిందని బాధ. రెండూ ఒకేసారి ఉంటాయి.

మాకు పొరుగునే ఉన్న జహీరాబాద్ వైపు మాత్రం కథ కొంచెం వేరేగా నడిచింది. పస్తాపూర్ కేంద్రంగా పనిచేసే డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీలో సంఘం ఆడవాళ్లు, ఎక్కువమంది దళిత మహిళలే, వానకు పండే చేలల్లో జొన్న, సజ్జ, కొర్ర, కంది, అనుములు లాంటివి ఒకే చేలో కలిపి వేస్తారు. విత్తనం ఇంట్లోనే దాచుకుంటారు. ఇలా మొలిచే కూరల్ని కలుపు అనుకోకుండా ఏది ఎప్పుడు వస్తుంది, ఎలా వండాలి అని వాళ్లు లెక్క కట్టిపెట్టారు. ఏటా సంక్రాంతికి ఎడ్లబండ్ల మీద విత్తనాలు పెట్టుకుని ఊరూరూ తిరిగే పాత పంటల జాతర వాళ్లదే. 2019లో ఐక్యరాజ్యసమితి వాళ్ల ఈక్వేటర్ ప్రైజ్ కూడా వచ్చింది. ఆ తర్వాత 2023ను చిరుధాన్యాల సంవత్సరం అన్నారు, నగరంలో మిల్లెట్ బిస్కెట్లు బయటికొచ్చాయి. ఆ బిస్కెట్లలో చాలావాటిలో మైదా కూడా ఉందని ప్యాకెట్ వెనక చదివితే తెలుస్తుంది.

జొన్నరొట్టె సంగతి చెప్పకుండా ముందుకెళ్లలేను. మా చిన్నప్పుడు మా నాయనమ్మకు రొట్టె లేనిదే పూట గడిచేది కాదు. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం వచ్చాక మా వైపు చాలా ఇళ్లలో మెల్లగా అన్నం పైచేయి అయింది. దాన్ని ఇప్పుడు ‘సంప్రదాయం పోయింది’ అని ఏడ్చేవాళ్లు ఒక్కసారి జొన్నపిండి వేడినీళ్లతో పిసికి, చేత్తో తట్టి, అంచు పగలకుండా పెనం మీద వేసి చూడాలి. ఇంట్లో ఎనిమిది మంది ఉంటే, తలా మూడు రొట్టెలంటే, పొయ్యి ముందు ఎవరు కూర్చుంటారు? అన్నం అయితే ఎసట్లో పోసి వదిలేయొచ్చు. ఆకలి తీరినందుకే కాదు, అరచేతులకు విశ్రాంతి దొరికినందుకు కూడా ఆ బియ్యం ఆడవాళ్లకు నచ్చిందని నా అనుమానం.

ఇప్పుడు హైదరాబాద్‌లో ఏ సందు మొదట్లో చూసినా సాయంత్రం కాగానే ఒకామె పొయ్యి పెట్టుకుని జొన్నరొట్టెలు కాలుస్తూ కనిపిస్తుంది. మా వీధి చివరా ఉంది. చటచటా తడుతూనే ఫోన్ మాట్లాడుతుంది, చిల్లర ఇస్తుంది, వరసలో ముందుకొచ్చేవాణ్ని కసురుతుంది. వారంలో ఎక్కువ రాత్రులు మా ఇంటికి రొట్టె అక్కడి నుంచే. నాకు చేతకాక కాదు, నాకంటే ఆమె బాగా చేస్తుంది, పైగా ఆమె చేసినదానికి డబ్బులొస్తాయి. నాయనమ్మకు ఎవరిచ్చారు?

మా ఆయనది తెనాలి వైపు. అక్కడి లెక్క పూర్తిగా వేరు. కాలవ నీళ్లు, వరి. వరి కోతకు ముందే చేలో మినుములు చల్లేస్తారు, నేలలో మిగిలిన తేమ మీదే ఆ పంట వచ్చేస్తుంది. కొత్త మినుములు ఇంటికి రాగానే మా అత్తయ్య ఒకప్పుడు సున్నుండలు, వడియాలు, మినపట్టు పిండి అని డాబా నిండా ఆరబోసేదట. ఓసారి పండక్కి అందరం చేరినప్పుడు మావయ్యగారు మొదలుపెట్టారు, “మా రోజుల్లో అన్నీ ఇంట్లోనే చేసుకునేవాళ్లం, బజారు మొహం చూసేవాళ్లం కాదు” అని. వంటింట్లోంచి అత్తయ్య గొంతు వచ్చింది. “చేసుకునేవాళ్లం కాదండీ, చేసేదాన్ని.” హాల్లో ఉన్న మగవాళ్లంతా టీవీ సౌండ్ పెంచారు.

ఇప్పుడామె వడియాలు కొనుక్కుంటుంది, ఊళ్లో మహిళా సంఘం వాళ్లు పెట్టినవి. “చేసింది చాలమ్మాయ్” అంటుంది. నాకు ఆ మాటలో తప్పేమీ కనిపించదు.

శీతాకాలం మా ఇంట్లో ఒలుపుడు కాలం. పచ్చి కందికాయలు, అనపకాయలు, చిక్కుళ్లు అన్నీ ఒకేసారి మీద పడతాయి. తాండూరు కందిపప్పుకు 2022లో జీఐ ట్యాగ్, అంటే ఫలానా ప్రాంతానిదే అనే గుర్తింపు, వచ్చిందని మా ఊరివాళ్లందరం వాట్సాప్ స్టేటస్‌లో పెట్టుకున్నాం గానీ, అదే కంది ఇంకా పచ్చిగా ఉన్నప్పుడు తింటే ఆ రుచికి ఏ ట్యాగూ చాలదు. కాయలకు కాయలే ఉప్పేసి ఉడకబెట్టి, నోట్లో పెట్టి లాగి గింజ తినేయడమే. అది పిల్లలకు ఆట. అనపకాయ అలా కాదు. దాని తొక్క జిడ్డుగా ఉంటుంది, వాసన చేతికి పట్టుకుంటుంది, కిలో కాయ ఒలిస్తే గింజ చారెడు కనిపిస్తుంది. కానీ ఆ చారెడు గింజలు వంకాయతో కలిపి వండితే... సరే, వదిలేద్దాం, ఇప్పుడు కాలం కాదు.

ఈ ఒలుపుడు దగ్గరే మా ఇంట్లో చట్టం వచ్చింది. తినేవాడు ఒలవాలి. అంతే. మా ఆయన మొదట్లో ‘నువ్వు కొన్నావు కదా’ అని లాజిక్ తీశాడు. ‘అయితే నువ్వే కొనుక్కురా, నేను వండను’ అన్నా. ఇప్పుడు క్రికెట్ మ్యాచ్ వస్తుంటే ఆకుకూర కట్ట తన ముందు పెడతాను. టెస్ట్ మ్యాచ్ అయితే మునగాకు, టీ20 అయితే చుక్కకూర. మునగాకు దూయడంలో ఆయనకు ఒక రాత్రి ఉపాయం దొరికింది. రెమ్మల్ని గుడ్డలో చుట్టి ఉంచితే తెల్లారేసరికి ఆకు చాలావరకు తనే రాలిపోతుంది. అది తన ఆవిష్కరణ అని చెప్పుకుంటాడు. మా ఊళ్లో అందరికీ తెలిసిన విషయమే, నేను చెప్పలేదు.

పని పంచుకున్నాక మెనూ మారింది. ఇంతకుముందు నేనొక్కదాన్నే చేసినప్పుడు వారంలో ఎక్కువసార్లు దొండకాయ, బెండకాయ, ఆలుగడ్డ. కడిగి తరిగితే అయిపోయేవి. ఏ కాలంలోనైనా దొరికే కూరగాయలు, ఒంటరిగా వండేవాళ్లకు తేలిక పడే కూరగాయలు చాలావరకు ఒకటే కావడం నాకు యాదృచ్ఛికం అనిపించదు.

టమాటా కూడా ఆ జాబితాలోదే. 2023 జులైలో హైదరాబాద్‌లో కిలో 150 దాటినప్పుడు మా ఫ్లాట్స్ గ్రూపులో పెద్ద టెన్షన్. ఆ నెలాఖరుకు మదనపల్లె మార్కెట్లోనే మొదటిరకం దాదాపు 200 పలికింది. ఎండలకు పూత రాలడం, వెంటనే వానలు, వీటివల్ల ఆ నెలల్లో కాయ తగ్గడం మామూలే, ఆ ఏడాది మరీ ముదిరింది. మళ్లీ సెప్టెంబరుకల్లా చాలాచోట్ల రైతుకు కిలోకు పది రూపాయలు కూడా దక్కలేదు. మన వంటకి టమాటా లేకపోతే గడవదనుకోవడం ఈమధ్యదే. జులైలో పుంటికూర ఉంది, చుక్కకూర ఉంది, వాక్కాయ మొదలవుతుంది, నిమ్మకాయలూ ఉంటాయి, డబ్బాలో ఫాల్గుణంలో కొన్న కొత్త చింతపండు ఎలాగూ ఉంది. ఇన్ని పులుపులు పక్కన పెట్టుకుని టమాటా కోసం క్యూ కట్టడం నాకు నవ్వొచ్చింది. నేను వాటితోనే నెట్టుకొచ్చాను. పిల్లలు చారు విషయంలో మాత్రం కొంచెం గొడవ చేశారు.

మామిడి గురించి ఒక్క మాట. ఉగాది కాకముందే పసుపుపచ్చగా మెరిసే పండ్లు బండ్ల మీదకొస్తే నేను ఆగను. కార్బైడ్‌తో పండించడం చట్టప్రకారం నిషేధం, అయినా తొందరపడేవాళ్లు ఉంటారు కాబట్టి మనం తొందరపడకుండా ఉండటమే తేలిక. మే నెలలో దోరకాయలు తెచ్చి గడ్డిలో మాగేస్తాం. మృగశిర వాన పడ్డాక ఇక కొనం, లోపల పురుగు గ్యారంటీ. అప్పుడు ఎలాగూ నేరేడు వచ్చేస్తుంది.

మా ఆఫీసులో ఒకమ్మాయి హాస్టల్లో ఉండి ఇప్పుడే వేరే గది తీసుకుంది. ‘మీలా తినాలని ఉంది మేడం, కానీ రాత్రి తొమ్మిదికి ఇంటికెళ్లి గోంగూర తుంచలేను’ అంది. తుంచక్కర్లేదు అని చెప్పా. బజారు బయట మెట్ల మీద కూర్చుని చిక్కుడుగింజలు, వెల్లుల్లి ఒలిచి, ఆకుకూర బాగుచేసి కవర్లలో కట్టి అమ్మే ఆడవాళ్లుంటారు. మామూలు ధర మీద పదో ఇరవయ్యో ఎక్కువ. ఆ పది దగ్గర బేరమాడకు, అది కూర డబ్బు కాదు, ఆమె కూలి. సోమరితనం అని ఎవరైనా అంటే పట్టించుకోకు. షాపులో ప్లాస్టిక్ డబ్బాలో పెట్టిన కడిగిన పాలకూరకు నోరెత్తకుండా డబ్బులిచ్చేవాళ్లే ఇలాంటివి అంటారు.

ఇది శ్రావణం. బోడకాకర ధర చూసి పావుకిలోతో సరిపెట్టుకున్నాం. తుమ్మికూర వినాయకచవితికి వస్తుంది, ఇంకా టైముంది. ఈ వారం వాక్కాయలు బాగా వచ్చాయి, గులాబీ తెలుపుల్లో చూడముచ్చటగా ఉన్నాయని ఎక్కువే తెచ్చేశాను. కొంత పప్పులోకి, కొంత పచ్చడికి. ఒక్కో కాయా చీల్చి గింజలు తీయాలి, తెల్లటి పాలు వేళ్లకు అంటుకుంటే వదలదు, ముందే నూనె రాసుకోవాలి. మా ఆయన క్యాంపుకెళ్లాడు. చిన్నోణ్ని పిలిచి గిన్నె ముందర పెట్టాను. వాడు కాయల్ని చూశాడు, నన్ను చూశాడు.

“అమ్మా, బయట ఒలిచినవాటికి ఎక్కువ రేటు ఇస్తావు కదా. ఆ ఎక్కువేదో నాకివ్వు.”

బేరం ఇంకా తెగలేదు.